కరెంటు పోయినప్పుడు మీ సోలార్ ఇన్వర్టర్ ఎందుకు ఆగాలి

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న మీ అందరికీ నమస్కారం. సోలార్ ప్యానెళ్లు, చిన్న జలవిద్యుత్ యూనిట్లు, బయోగ్యాస్ జనరేటర్లను గ్రిడ్‌కు, అంటే ఊరూరా కరెంటు తెచ్చే లైన్ల వ్యవస్థకు, కలపడం గురించి మాట్లాడమన్నారు. దరఖాస్తు, మీటరు, పరీక్షలు వరసగా చెబుదామనే వచ్చాను.

కలిపేముందు వోల్టేజి, ఫ్రీక్వెన్సీ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క), ఫేజ్ (ఆ ఊపుల వరస) మూడూ గ్రిడ్‌తో సరిపోవాలి. ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే సోలార్ ఇన్వర్టర్ ఈ పని తనంతట తానే చేసుకుంటుంది. కష్టమంతా లైను పోయినప్పుడు గ్రిడ్ నుంచి విడిపోయే దగ్గర ఉంది.

ఎక్కడికి వెళ్లినా ఒక ఫిర్యాదు వింటాను. "ఎండ మండిపోతోంది, ప్యానెళ్లు పైనే ఉన్నాయి, అయినా లైను పోతే మా ఇంట్లోనూ కరెంటు ఉండదు, ఇదేం న్యాయం?" అని. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఆ సమయంలో స్తంభం ఎక్కి ఉన్న మనిషిని తలుచుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులా పనిచేస్తుంది. ఇంట్లోంచి 230 వోల్టులు వెనక్కి వెళితే అటు పక్క 11,000 వోల్టులు కావచ్చు. సబ్‌స్టేషన్‌లో లైను ఆపేసినా తీగ ప్రాణం తీస్తుంది. నాతో పనిచేసిన ఒక లైన్‌మన్ అలాగే పోయాడు. ఎవరో షాపువాళ్లు చేంజోవర్ స్విచ్ (లైనో జనరేటరో ఒక్కటే కలిసేలా చూసే స్విచ్) లేకుండా డీజిల్ జనరేటర్‌ను నేరుగా సాకెట్‌కు కలిపేశారు. స్తంభం మీద మనిషి ఉన్నాడని కూడా వాళ్లకు తెలియదు.

అందుకే ఇలాంటి యూనిట్లను గ్రిడ్‌కు కలపడానికి ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ రాసిన 1547 ప్రమాణం, గ్రిడ్ పోయి యూనిట్ ఒంటరిగా మిగిలితే 2 సెకన్లలోపు ఆగిపోవాలంటుంది. గ్రిడ్ ఉందో లేదో తెలుసుకోవడానికి చాలా ఇన్వర్టర్లు ఫ్రీక్వెన్సీని కొద్దికొద్దిగా నెట్టి చూస్తూ ఉంటాయి. గ్రిడ్ ఉంటే అది కదలదు. లేకపోతే జారిపోతుంది, ఇన్వర్టర్ ఆగుతుంది.

ఇంజనీర్ మిత్రులకు ఒక మాట. గ్రిడ్ ఉండగానే చిన్న ఒడిదుడుకుకు అన్నీ ఆగిపోవడమూ ముప్పే. జర్మనీలో సోలార్ యూనిట్లు, మామూలుగా 50 హెర్ట్జ్ ఉండే ఫ్రీక్వెన్సీ 50.2 దాటగానే అన్నీ ఒకేసారి ఆగేలా పెట్టి, తర్వాత వాటిని పెద్ద సంఖ్యలో సరిచేయాల్సి వచ్చింది. 2019 ఆగస్టు 9న బ్రిటన్‌లో పిడుగు పడ్డాక చిన్న యూనిట్లు చాలా విడిపోయాయి, పెద్ద ప్లాంట్లు కూడా ఆగాయి, దాదాపు 11 లక్షల కనెక్షన్లకు కరెంటు పోయింది. చిన్న ఒడిదుడుకులను తట్టుకుని నిలబడాలని 1547 కూడా 2018 సవరణలో చెప్పింది.

దరఖాస్తు సంగతి ఇక చెప్పలేను, సమయం అయిపోతోంది. లైను పోయినా ఇంట్లో కరెంటు కావాలంటే దారి ఉంది. బ్యాటరీ, ప్యానెళ్లతోనూ బ్యాటరీతోనూ పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్, ఇంటిని గ్రిడ్ నుంచి పూర్తిగా విడదీసే స్విచ్ పెట్టించుకోండి. జనరేటర్ ఉండి చేంజోవర్ లేనివాళ్లు, దయచేసి సభ అయ్యాక వెళ్లిపోకండి. ఎలా బిగించాలో బోర్డు మీద గీసి చూపిస్తాను.