అణు ఓడకు రేవు ఎక్కడ?

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, వెనక వరుసల్లో కూర్చున్న నా ఇంజిన్ రూమ్ తోటివారికి నమస్కారం. పెద్దల పేర్లు, బిరుదులు అన్నీ చదవమని ఒక కాగితం చేతికిచ్చారు. అది చదివితే నాకిచ్చిన టైమ్‌లో పావు వంతు అక్కడే పోతుంది. వారికి కోపం రాదనే ధైర్యంతో పక్కన పెడుతున్నాను.

'అణు ఓడల భవిష్యత్తు' అని అంశం ఇచ్చారు, అంటే అణు రియాక్టర్ శక్తితో నడిచే ఓడలు. చిన్న రియాక్టర్లు వస్తున్నాయి, పొగ లేని కంటైనర్ ఓడలు వస్తాయి అని మధ్యాహ్నం కంపెనీల వాళ్లు బొమ్మలు వేసి మరీ చెబుతారు. నేను వెనకటి సంగతి చెబుతాను. సబ్‌మెరైన్లు, మంచు పగలగొట్టే ఓడలు పక్కన పెడితే, వర్తకం కోసమని కట్టిన అణు ఓడలు నాలుగంటే నాలుగు. సైన్యానికి వందల రియాక్టర్లు సముద్రంలో తిరిగాయి కదా, సరుకు ఓడలు నాలుగు దగ్గరే ఎందుకు ఆగాయి? ఎవరినడిగినా 'ఖర్చండీ' అంటారు. ఖర్చు నిజమే. కానీ అదొక్కటే చెప్పి చేతులు దులుపుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

మొదటిది అమెరికా వారి సవానా. 1953 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్ ఐక్యరాజ్యసమితిలో 'శాంతి కోసం అణువు' అని ప్రసంగించాడు. 1955లో అణుశక్తితో నడిచే వర్తక ఓడ ఒకటి కడదామన్నాడు. న్యూజెర్సీలోని కామ్‌డెన్‌లో కట్టారు. 1959 జులైలో ఆయన భార్య మేమీ చేతుల మీదుగా జలప్రవేశం. మొత్తం 4 కోట్ల 69 లక్షల డాలర్లు, అందులో రియాక్టర్‌కూ ఇంధనానికీ కలిపి 2 కోట్ల 83 లక్షలు. అరవై మంది ప్రయాణికులకు గదులు, ఈత కొలను, బార్, సినిమా హాలు. ఇళ్లలో ఎవరూ చూడని రోజుల్లోనే వంటగదిలో మైక్రోవేవ్. అందంగా ఉండాలని ఓడ ముక్కును ఎంత సన్నగా చెక్కారంటే, ముందు హోల్డుల్లోకి, అంటే సరుకు గదుల్లోకి, సరుకు దించడానికి కూలీలు నానా అవస్థా పడేవారు. అది సరుకు ఓడ అన్న సంగతి గీసినవాళ్లకు గుర్తుందో లేదో!

ఇప్పుడు అసలు విషయం. రియాక్టర్ నడపాలంటే ఇంజినీర్లకు ప్రత్యేక శిక్షణ కావాలి. ఇచ్చారు, దానికి తగ్గట్టు జీతం పెంచారు. డెక్ ఆఫీసర్లు, అంటే పైన ఉండి ఓడకు దారి చూపేవాళ్లు, ఊరుకోలేదు. మొదట్నుంచీ మా జీతమే ఎక్కువ, ఇప్పుడూ అలాగే ఉండాలని పట్టుబట్టారు. తగువు మధ్యవర్తి దగ్గరకు వెళ్లింది. తీర్పు డెక్ వైపు! 1963లో గాల్వెస్టన్ రేవులో ఇంజినీర్లు రియాక్టర్ ఆపేసి కూర్చున్నారు. ఓడ నడిపే కంపెనీని మార్చి, కొత్తవాళ్లకు మళ్లీ మొదటి నుంచి శిక్షణ ఇచ్చేసరికి ఏడాది గడిచిపోయింది. ప్రపంచంలో మొట్టమొదటి అణు వర్తక ఓడను రేవులో కట్టిపడేసింది రేడియేషన్ కాదండీ, జీతాల పట్టీ.

వెనక వరుస వాళ్లు నవ్వుతున్నారు. మీకు తెలుసు కదా. నేను పనిచేసిన ఒక ఓడలో కంట్రోల్ రూమ్ ఏసీ చెడిపోతే ఆఫీసు నుంచి వచ్చిన జవాబు, 'వచ్చే డ్రై డాక్‌లో చూద్దాం' అని, అంటే ఓడను నీళ్లలోంచి తీసి రిపేరు చేసే రోజు వచ్చినప్పుడు. అదే వారం బ్రిడ్జి మీద, డెక్ ఆఫీసర్లు ఓడ నడిపే గదిలో, కుర్చీలకు కొత్త కవర్లు వచ్చాయి. పోనివ్వండి, ఆ కథ మొదలుపెడితే సాయంత్రం అవుతుంది.

సవానాను నడపడానికి మామూలు ఓడ కంటే ఏడాదికి ఇంచుమించు 20 లక్షల డాలర్లు ఎక్కువయ్యేది. అందుకని 1971లో ఆపేశారు. రెండేళ్లు తిరిగేసరికి చమురు ధర ఆకాశానికి వెళ్లింది. దాన్నేమనాలో మీరే అనుకోండి.

జర్మనీ ఓడ ఒట్టో హాన్ గురించి చెప్పడానికి పెద్దగా గొడవల్లేవు, అందుకే దాన్ని ఎవరూ తలచుకోరు. 1968 నుంచి 1979 దాకా రియాక్టర్ మీద నడిచింది. మొదటి నాలుగేళ్లలో రెండున్నర లక్షల నాటికల్ మైళ్లు, ఖర్చయిన యురేనియం 22 కిలోలు. ఇరవై రెండు కిలోలు! విమానంలో ఒక సూట్‌కేస్ బరువు. ఆ తర్వాత రియాక్టర్ తీసేసి డీజిల్ ఇంజిన్ బిగించి కంటైనర్లు మోయించారు.

ఇక జపాన్ ఓడ ముత్సు. దీనికే నేను ఎక్కువ టైమ్ తీసుకుంటాను, క్షమించాలి. 1969లో జలప్రవేశం, సొంత రేవు ముత్సు అఖాతంలోని ఒమినాతో. ఆ అఖాతంలో జాలర్లు స్కాలప్ గుల్లలు పెంచుకుంటారు. 'అణు ఓడ ఉన్న నీళ్లలో పెరిగిన గుల్ల' అని తెలిస్తే కొనేవాడెవడు? వాళ్ల భయం అది, అందులో తప్పేముంది? 1974 ఆగస్టులో పడవలు అడ్డం పెట్టి ఓడను కదలనివ్వలేదు. తుఫాను వచ్చింది. పడవలు చెల్లాచెదురయ్యాయి. 26వ తేదీన, అర్ధరాత్రి దాటాక, ఆ తుఫాను సందులోంచి ముత్సు సముద్రంలోకి జారుకుంది. మాట్లాడి ఒప్పించలేక చీకట్లో వెళ్లిపోయారు. నన్నడిగితే ఆ ఓడ కథ ఆ రాత్రే చెడింది.

సెప్టెంబరు 1న రియాక్టర్ శక్తిని పూర్తి స్థాయిలో 1.4 శాతానికి తెచ్చారో లేదో, అలారం మోగింది. రియాక్టర్ చుట్టూ ఉన్న కవచంలో సందు ఉంది, అందులోంచి న్యూట్రాన్లు పైకి వస్తున్నాయి. డిజైన్ చూసిన అమెరికా రియాక్టర్ కంపెనీ వెస్టింగ్‌హౌస్ వాళ్లు ఈ ప్రమాదం ముందే చెప్పారు, వినలేదు. నడి సముద్రంలో సిబ్బంది ఏం చేయగలరు? అన్నం వండి, బోరాన్ ఉప్పు కలిపి, ఆ ముద్దలతో సందు మూసే ప్రయత్నం చేశారు.

అప్పట్లో పత్రికలు పగలబడి నవ్వాయి. నవ్వకండి! అన్నంలో ఉన్నది చాలా వరకు నీరే. నీటిలోని హైడ్రోజన్‌కు తగిలి న్యూట్రాన్ వేగం తగ్గుతుంది, నెమ్మదించిన న్యూట్రాన్‌ను బోరాన్ మింగేస్తుంది. పాఠ్యపుస్తకంలో ఉన్నదే చేశారు. స్టోర్‌లో సామాను లేదు కాబట్టి వంటగదికి వెళ్లారు. ఇక్కడున్న వాళ్లలో ఎంతమంది పైపు లీకుకు ఏది దొరికితే అది చుట్టి రేవు దాకా లాక్కురాలేదు? చేతులెత్తండి. అదీ!

ఆ ఓడ అక్టోబరు 15 దాకా ఇంటికి రాలేకపోయింది. జాలర్లతో ప్రభుత్వం ఒప్పందం రాసుకుంటే గానీ రానివ్వలేదు. రిపేరుకు దూరంగా ససెబో రేవుకు తీసుకెళ్లారు. దానికోసమే సెకినెహామాలో కొత్త రేవు కట్టారు. చివరికి 1990ల మొదట్లో 82 వేల కిలోమీటర్లు శుభ్రంగా నడిచింది, 1992లో ఆపేశారు. సరుకు మాత్రం ఎన్నడూ మోయలేదు. రియాక్టర్ తీసేశాక అది మిరాయ్ అనే పరిశోధన ఓడ అయింది.

అధ్యక్షుల వారి చీటీ వచ్చింది. రష్యా వారి సెవ్‌మోర్‌పుత్‌ను రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1988 చివర్లో పనిలోకి వచ్చింది. చెర్నోబిల్ జరిగి మూడేళ్లు కూడా కాలేదు, వ్లాదివోస్తోక్ రేవు కార్మికులు సొంత దేశపు ఓడనే రావద్దన్నారు. 2020లో అంటార్కిటికాకు సామాను తీసుకెళ్తూ ఆఫ్రికా పక్కన ఆగిపోయింది. రియాక్టర్ బాగానే ఉంది, ప్రొపెల్లర్ రెక్క పోయింది.

ఇంకొక్క నిమిషం. అణు ఓడకు ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఎవరిస్తారని 1962లోనే బ్రస్సెల్స్‌లో ఒక ఒప్పందం రాశారు. అందులో యుద్ధనౌకలనూ కలిపారు, పెద్ద దేశాలు ఒప్పుకోలేదు. అది నేటికీ అమల్లోకి రాలేదు. 1981లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ అణు వర్తక ఓడల భద్రతా నియమావళి తెచ్చింది. అది అప్పటి ఓడలను చూసి రాసింది. సవానా ఏ దేశానికి వెళ్లాలన్నా ఆ దేశంతో విడిగా ఒప్పందం చేసుకోవాల్సి వచ్చేది. సరుకు ఓడ బతుకు అలా సాగుతుందా? ఈ నెల ఇక్కడ, వచ్చే నెల ఇంకెక్కడో, లోడ్ ఎక్కడ దొరికితే అక్కడికి పోవాలి.

అందుకని మధ్యాహ్నం కంపెనీల వాళ్లు బొమ్మలు చూపిస్తున్నప్పుడు రియాక్టర్ ఎన్ని మెగావాట్లని అడగకండి, అది వాళ్లే చెబుతారు. ఏ రేవు వాళ్లు రానిస్తామని రాసిచ్చారో ఆ కాగితం చూపించమనండి. ఆ రేవు పక్కన వల వేసుకునే వాళ్లతో ఎవరు మాట్లాడారో అడగండి. ఇంజినీర్ జీతం డెక్ ఆఫీసర్ కంటే ఎక్కువా తక్కువా అని కూడా, మొహమాటం లేకుండా అడగండి. రెండో చీటీ కూడా వచ్చింది, దిగుతున్నాను. అన్నం ముద్దల సంగతి ఇంకా నమ్మని వాళ్లుంటే టీ దగ్గర పట్టుకోండి, కవచం బొమ్మ గీసి చూపిస్తాను.