పడమటి గోడకు కానుగ నీడ

వ్యాఖ్యాత: నమస్కారం. ఎండాకాలంలో ఇంటినీ వీధినీ చెట్లు ఏ మేరకు చల్లబరుస్తాయన్నది ఈనాటి విషయం. మీ సందేహాలు తీర్చడానికి వృక్షశాస్త్ర ఆచార్యులు ఒకరు మనతో ఉన్నారు. మొదటి శ్రోత హైదరాబాద్ కూకట్‌పల్లి నుంచి మాట్లాడుతున్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మాది రెండంతస్తుల డాబా ఇల్లు. రాత్రి పది గంటలకు కూడా పడమటి గోడ మీద అరచెయ్యి ఆనిస్తే, దించి పక్కన పెట్టిన పెనంలా కాలుతూనే ఉంటుంది. మంచం ఆ గోడకు దూరంగా జరుపుకుని పడుకుంటున్నాము. పక్కనున్న ఖాళీ జాగాలో లాన్ వేయిద్దామని మా వారూ, చెట్టు పెడదామని నేనూ పట్టుపట్టి కూర్చున్నాము.

ఆచార్యులు: ఈ తగవులో నేను మీ వైపేనమ్మా. పచ్చిక నేలను చల్లబరుస్తుంది గాని గోడకు నీడ ఇవ్వదు, పైగా వేసవంతా నీళ్లు అడుగుతూనే ఉంటుంది. చెట్టయితే ఎండను పైనే ఆపుతుంది. అంతేకాక, వేర్లు తోడిన నీరు ఆకుల్లోని సూక్ష్మరంధ్రాల గుండా ఆవిరయ్యేటప్పుడు చుట్టుపక్కల వేడిని తీసుకుంటుంది. లీటరు నీరు అలా ఆవిరి కావడానికి కరెంటు లెక్కలో సుమారు 0.68 యూనిట్ల వేడి కావాలి; అంటే ఎదిగిన చెట్టు పగటిపూట 100 లీటర్లు ఆవిరి చేస్తే, ఒక టన్ను ఏసీలు రెండు పది గంటల పాటు లాగేంత వేడిని లాగినట్టే. అయితే ఆ చల్లదనం బయటి గాలిలో కలిసిపోతుంది కనుక గాలిలో తేడా కొద్ది డిగ్రీలే ఉంటుంది. నీడ పడిన గోడకూ పడని గోడకూ మధ్య మాత్రం 10 డిగ్రీలు మించి తేడా రావచ్చు, మీకు కావలసింది అదే.

మే నెల రెండో వారం నాటికి హైదరాబాద్‌లో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, అప్పుడు కాగేది డాబా. గోడను కాల్చేది సాయంత్రపు ఏటవాలు ఎండ. అందుచేత పడమట పది పన్నెండు అడుగుల ఎడంలో కానుగ పెట్టండి. చలికాలం చివర ఆకు రాల్చినా, ఎండలు ముదిరేసరికి అది చిగురించి గుబురుగా ఉంటుంది. అది ఎదిగేలోగా డాబా మీద పందిరి వేసి సొరపాదో బీరపాదో పాకించండి. పిట్టగోడ వెంట వరుసగా పెట్టే కుండీలకన్నా ఆ పందిరే మేలు.

వ్యాఖ్యాత: విజయవాడ శ్రోత లైన్‌లో ఉన్నారు.

శ్రోత: అయ్యా, మా సందు నిండా చెట్లే. పగలు హాయిగానే ఉంటుంది గాని రాత్రిళ్లు ఉక్కతో నిద్ర పట్టదు. ఆ ఉక్క చెట్ల వల్లనేనని, కొట్టించేద్దామని ఇరుగుపొరుగు వారు అంటున్నారు.

ఆచార్యులు: వారి మాటలో కొంత నిజం లేకపోలేదు. గుబురు కొమ్మలు రాత్రిపూట నేల నుంచి పైకి పోయే వేడిని కొంత అడ్డుకుంటాయి. అసలే గాలిలో తేమ ఎక్కువున్న ఊరు కనుక, గాలి ఆడని సందులో చెమట ఆరదు. గాలికి దారి ఇచ్చేందుకు కింది కొమ్మలు తీయిస్తే చాలు, వేసవి ముందు తల నరికించారంటే పగటి నీడ కూడా పోతుంది. ఇంతకీ మొదళ్ల చుట్టూ మట్టి ఉందా?

శ్రోత: లేదండి, రోడ్డు వేసినప్పుడు మాను దాకా సిమెంటు పోసేశారు.

ఆచార్యులు: వేర్లకు నీరందకపోతే చెట్టు ఆకుల రంధ్రాలను మూసుకుంటుంది. నీడ మిగులుతుంది గాని, ఆవిరి వల్ల వచ్చే చలువ తగ్గిపోతుంది. ప్రతి మాను చుట్టూ మూడడుగుల మేర సిమెంటు తీయించే ఏర్పాటు చూడండి, ఆ జాగాలో గుల్లమట్టి నింపి ఎండుటాకులు పరవండి. పగలగొట్టేటప్పుడు గునపం వేర్లకు తగలకుండా మీరు దగ్గరుండి చూసుకోవాలి.