ఉద్దానం పల్లెలో కిడ్నీ పరీక్షల శిబిరం: మూడు నెలల తర్వాతి రాక

(దృశ్యం: తెల్లవారుజాము. జీడితోటల మధ్య ఇసుకదారి. దీపాలు వేసుకొని ఒక వ్యాను నెమ్మదిగా వస్తూ ఉంటుంది.)

వ్యాఖ్యానం: శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన, ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా కనిపించే ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఇక్కడ మధుమేహం గాని, ముందునుంచీ రక్తపోటు గాని లేని కూలీలకూ రైతులకూ మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. కారణం ఇదేనని ఇప్పటివరకు నిర్ధారణ కాలేదు. 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఈ ప్రాంతంలో రెండు వేలకు పైగా పెద్దలను పరీక్షించి, దాదాపు 18 శాతం మందిలో దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బు ఉన్నట్లు గుర్తించింది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. అయితే ఈ జబ్బు చాలాకాలం నొప్పి లేకుండా, వాపు లేకుండా ముదురుతుంది కాబట్టి, ఒంట్లో బాగున్న మనిషి కూలి మానుకొని పలాస వెళ్లి రక్తం ఇస్తాడని ఆశించలేము. అందుకే పరీక్షే ఊరికి వెళ్లాలి.

(దృశ్యం: పాఠశాల వరండా. బల్లలు సర్దుతున్న సిబ్బంది. ఆశా కార్యకర్త చేతిలో పేర్ల జాబితా.)

వ్యాఖ్యానం: శిబిరానికి వేళ నిర్ణయించడమే మొదటి పని. తోటపనికి వెళ్లేవారు ఎండ ఎక్కకముందే ఇల్లు విడుస్తారు. పదింటికి బల్లలు వేస్తే వచ్చేది వృద్ధులూ పిల్లల తల్లులే. జబ్బు అవకాశం ఎక్కువగా ఉన్న శ్రామికులు జాబితాలోనే మిగిలిపోతారు. పోనీ సాయంత్రం పెడదామా అంటే, రోజంతా చెమటోడ్చి నీరు తగ్గిన శరీరంలో క్రియాటినిన్, అంటే మూత్రపిండాలు రక్తంలోంచి వడకట్టి పంపే వ్యర్థం, తాత్కాలికంగా పెరిగి కనిపించవచ్చు. కనుక ఉదయం ఐదున్నరకే మొదలుపెట్టడం మేలు. వలస వెళ్లినవారు సంక్రాంతికో గ్రామదేవత సంబరానికో ఊరికి వస్తారు గనుక ఆ రోజులు మంచి అదనే. కాని కనుమ మరునాడు మాత్రం వద్దు. వండిన మాంసం తిన్న తర్వాత కొన్ని గంటలపాటు క్రియాటినిన్ పెరుగుతుంది. ఊరంతటికీ లేని జబ్బు అంటగట్టినట్లవుతుంది.

స్థలం విషయంలో నీడ, నీరు, ప్లగ్గు అందరికీ గుర్తుంటాయి. మరుగుదొడ్డి మరచిపోతారు. మూత్ర పరీక్ష ఉన్న శిబిరంలో స్త్రీలకు తలుపు గడియ పడే మరుగుదొడ్డి లేకపోతే, సగం సీసాలు ఖాళీగానే తిరిగి వస్తాయి. పాఠశాల గాని, తుఫాను రక్షణ కేంద్రం గాని ఎంచుకోవడానికి ఇదే అసలు కారణం.

(దృశ్యం: నమోదు బల్ల. గొట్టంపై చీటీ అంటిస్తున్న చేతులు.)

వ్యాఖ్యానం: ఒకే ఇంటిపేరు, ఒకే పేరు గలవారు ఒక్కో ఊళ్లో నలుగురైదుగురు ఉంటారు. కనుక తండ్రి లేదా భర్త పేరు, ఫోను నంబరు, వయసు తప్పక రాయాలి. రక్తం తీసిన గొట్టంపై చీటీని ఆ మనిషి కుర్చీలోంచి లేవకముందే అంటించాలి. రక్తపోటు చూసే ముందు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి, చేతిని గుండె ఎత్తులో ఉంచి, రెండుసార్లు కొలవాలి. వరుస పెరిగినప్పుడు ముందుగా ఎగిరిపోయేవి ఆ ఐదు నిమిషాలే.

మూత్రంలో ముంచే పట్టీ చవక, ఫలితం నిమిషంలో తెలుస్తుంది. అది ప్రధానంగా ఆల్బుమిన్ అనే ప్రోటీనును పట్టుకుంటుంది. అయితే ఉద్దానంలో కనిపించే తరహా జబ్బులో మూత్రంలో ప్రోటీను చాలామందికి స్వల్పంగానే ఉంటుంది, కొందరికి అసలు ఉండదు. పట్టీ రంగు మారలేదని చెప్పి పంపేసే శిబిరం, ఎవరి కోసం వచ్చిందో వారినే వదిలేసి వెళుతుంది. రక్తంలో క్రియాటినిన్ చూడక తప్పదు.

(దృశ్యం: నిలువుగా ఉంచిన రక్తపు గొట్టాలు. పక్కన గిరగిర తిరుగుతున్న సెంట్రిఫ్యూజ్ యంత్రం.)

వ్యాఖ్యానం: తీసిన రక్తాన్ని సుమారు అరగంట నిలువుగా ఉంచితే గడ్డకడుతుంది. తర్వాత రెండు గంటలు దాటకుండా యంత్రంలో తిప్పి, పైకి తేలిన సీరమ్ అనే ద్రవాన్ని వేరుచేసి, 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ప్రయోగశాలకు పంపాలి. వేరుచేయని రక్తాన్ని వ్యానులో గతుకుల దారిన తీసుకుపోతే ఎర్రకణాలు పగిలి నమూనా పనికిరాకుండా పోతుంది. కరెంటును నమ్ముకోలేము గనుక యంత్రానికి తగిన ఇన్వర్టరు వెంట ఉండాలి. వాడిన సూదికి తిరిగి మూత పెట్టకుండా, గుచ్చుకోని తెల్ల డబ్బాలో వేయాలి. రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, గ్లవ్స్ వంటి ప్లాస్టిక్ వ్యర్థాలు ఎర్ర సంచిలోకి వెళ్లాలి. వాటిలో ఏదీ ఊళ్లో మిగలకూడదు.

(దృశ్యం: తెరపై రెండు బొమ్మలు, ముప్పై ఏళ్ల యువకుడు, అరవై అయిదేళ్ల వృద్ధురాలు. ఇద్దరి కిందా 1.3 అనే అంకె.)

వ్యాఖ్యానం: ఇద్దరి క్రియాటినిన్ డెసీలీటరు రక్తానికి 1.3 మిల్లీగ్రాములే. కాని వయసు, స్త్రీ పురుష భేదం కలిపి లెక్కకట్టే 2021 నాటి సూత్రం ప్రకారం, మూత్రపిండాల వడపోత వేగం యువకుడిలో నిమిషానికి సుమారు 76 మిల్లీలీటర్లు, వృద్ధురాలిలో సుమారు 46. 60 కంటే తగ్గితే పనితీరు తగ్గినట్లు లెక్క. నమోదు బల్ల దగ్గర వయసును ఉజ్జాయింపుగా రాసుకుంటే ఏమవుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. ఆధార్ కార్డు అడగడం అందుకే.

ఆ 46 చూసి ఆమెకు దీర్ఘకాలిక జబ్బు ఉందని కూడా అప్పుడే చెప్పరాదు. ఒంట్లో నీరు తగ్గినా, జ్వరం వచ్చినా, ఒళ్లు నొప్పులకు దుకాణంలో కొన్న మాత్రలు మింగినా అంకె అలా రావచ్చు. మూడు నెలలు దాటినా తగ్గుదల అలాగే ఉంటేనే దీర్ఘకాలిక జబ్బు అంటారు. కాబట్టి మొదటి శిబిరం రోజునే రెండవ రాక తేదీ, దానికి కావలసిన డబ్బు, మనుషులు ఖాయం కావాలి. అవి లేకుండా ఊరూరా తిరిగే శిబిరాలు ఫోటోలకు పనికివస్తాయి గాని, రోగికి అనుమానాన్ని మాత్రమే మిగులుస్తాయి.

ఫలితాన్ని ఎలా చెప్పాలన్నదీ పరీక్షలో భాగమే. ఉద్దానంలో ఇంట్లో కిడ్నీ రోగి ఉన్నారంటే పిల్లల పెళ్లి సంబంధాలు వెనక్కి పోతాయన్న భయం ఉంది. వరండాలో పేర్లు పిలిచి కాగితాలు పంచితే మరుసటి శిబిరానికి ఆ వీధి వారెవరూ రారు. ఊరి ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్‌ఎం ఇంటికి వెళ్లి, విడిగా కూర్చోబెట్టి చెప్పడం మేలు. వడపోత 15 లోపు పడిపోయినవారికి మాత్రం మూడు నెలల గడువు వర్తించదు. వారిని వెంటనే నిపుణుడి దగ్గరకు పంపాలి, తోడు ఎవరు వెళతారో కూడా అడిగి రాసుకోవాలి.

(దృశ్యం: అదే వరండా, మూడు నెలల తర్వాత. ఆశా కార్యకర్త పాత జాబితా తెరిచి, రానివారి పేర్ల పక్కన చుక్కలు పెట్టుకొని, వీధిలోకి నడుస్తుంది.)