తాళం తిరిగింది, ఇంజను మాత్రం అందుకోలేదు: పాత ఇగ్నిషన్ సెట్ల సంగతి

[తెరపై: బల్ల మీద మూడు ముక్కలుగా విప్పి ఉంచిన ఇగ్నిషన్ సెట్]

పాత సామాను దుకాణంలో ఇగ్నిషన్ స్విచ్‌ను తాళంచెవితో సహా కొని బిగించుకుంటే, డాష్‌బోర్డు దీపాలు వెలిగి, స్టార్టరు కూడా తిరిగి, ఇంజను మాత్రం అందుకోనప్పుడు, చాలామంది వెంటనే దుకాణదారును తిడతారు. ఆ తిట్లు వినీ వినీ విసుగెత్తి ఈ వీడియో చేస్తున్నాను. మూడు వేర్వేరు వస్తువులను మనం ఒకే పేరుతో పిలుస్తున్నందువల్ల వచ్చిన చిక్కు ఇది.

మొదటిది తాళంచెవి దూర్చి తిప్పే తాళం గొట్టం, దానికి అతుక్కుని ఉండే స్టీరింగ్ లాక్. రెండవది దాని వెనుక ఉండే విద్యుత్ స్విచ్; చాలా కార్లలో ఇది రెండు చిన్న స్క్రూలతో విడిగా ఊడివస్తుంది. మూడవది తాళంచెవి తలలో దాగి ఉండే చిప్, దాన్ని చదవడానికి గొట్టం మూతి చుట్టూ ఉంగరంలా అమర్చిన తీగచుట్ట.

బ్యాంకు లాకరును గుర్తుకు తెచ్చుకోండి. మీ తాళంచెవి ఒక్కటే తిప్పితే లాకరు తెరుచుకోదు, బ్యాంకు వారి తాళంచెవి కూడా పడాలి. తాళంచెవి మీద కోసిన గాట్లు మీ తాళం అయితే, చిప్‌లోని సంకేతం బ్యాంకు వారి తాళం. కార్బ్యురేటరు ఉన్న పాత మారుతి 800లో ఈ రెండవ తాళం లేదు. అది మన ఇంటి ఇనుప బీరువా లాంటిది, గాట్లు కలిస్తే చాలు. ఇమ్మొబిలైజరు, అంటే సరైన చిప్ లేకపోతే ఇంజనును అందుకోనివ్వని ఏర్పాటు, ఉన్న కారులో మాత్రం ఆ తీగచుట్ట, సాధారణంగా 125 కిలోహెర్ట్జ్ దగ్గర, చిప్‌ను మేల్కొలిపి దాని సంకేతాన్ని అడుగుతుంది; కారు జ్ఞాపకంలో ఉన్న సంకేతంతో అది సరిపోలితేనే ఇంజను కంప్యూటరుకు అనుమతి అందుతుంది. ఈ చిప్‌కు బ్యాటరీ అవసరం లేదు. రిమోట్‌లో ఉన్న బ్యాటరీ తలుపుల కోసం. దాన్ని మార్చి ఇంజను స్టార్ట్ కావాలని ఎదురుచూసేవారిని చూస్తే నాకు జాలి వేస్తుంది.

ఇప్పుడు ఆ లాకరునే ఇంకొంచెం సాగదీద్దాం. పాత కారు నుంచి తాళం గొట్టాన్నీ తాళంచెవినీ మాత్రమే కొనడమంటే, వేరే బ్యాంకు లాకరు తలుపును ఊడదీసుకుని వచ్చి మన బ్యాంకులో బిగించమనడమే. తలుపు సరిపోతుంది, సంతకాల రిజిస్టరు మాత్రం ఆ బ్యాంకులోనే ఉండిపోయింది. ఆ రిజిస్టరు ఇమ్మొబిలైజరు పెట్టె, ఇంజను కంప్యూటరు. అందువల్ల తుక్కు కారును విప్పేవారు గొట్టం, రెండు తాళంచెవులు, తీగచుట్ట, ఇమ్మొబిలైజరు పెట్టె, ఇంజను కంప్యూటరు, వీలైతే తలుపుల తాళాలు కూడా ఒకే సంచిలో కట్టి ఉంచాలి. విడదీసి అమ్మితే విలువ పోతుంది. కొనేవారి ఇబ్బంది విద్యుత్ స్విచ్‌లోనే ఉంటే అసలు గొట్టం జోలికే వెళ్లనక్కరలేదు. వెనుక ముక్కను మార్చుకుని సొంత తాళంచెవినే వాడుకోవచ్చు. ఇబ్బంది స్విచ్‌లోనా, గొట్టంలోనా అన్న ఈ ఒక్క ప్రశ్న దుకాణంలో ముందుగా అడిగితే సగం తగాదాలు ఉండవు.

[తెరపై: స్టీరింగ్ కాలమ్ దగ్గరి దృశ్యం]

విప్పేటప్పుడు ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగను తీసి కొంతసేపు ఆగాలి, స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. స్టీరింగ్ లాక్‌ను పట్టి ఉంచే బోల్టులకు తల ఉండదు, ఎందుకంటే బిగించినప్పుడే అది తెగిపోయేలా చేస్తారు. ఉలితో గాటు పెట్టి తిప్పాలి, లేదా డ్రిల్ చేయాలి. గొట్టాన్ని మాత్రమే తీయాలంటే, చాలా మోడళ్లలో తాళంచెవి పెట్టి ఏసీసీ స్థానానికి (ఇంజను లేకుండా రేడియో లాంటివి పనిచేసే చోటికి) తిప్పి, చిన్న పిన్నును నొక్కితేనే బయటికి వస్తుంది. తాళంచెవి పోయిన కారు సెట్‌కు ధర పడిపోవడానికి ఇదొక కారణం.

స్విచ్‌ను మల్టీమీటరుతో మాత్రమే పరీక్షించి మంచిదని అమ్మేవారిని నేను నమ్మను. కాలిపోయిన కాంటాక్టు కూడా మీటరుకు మంచిదిగానే కనిపించవచ్చు. 55 వాట్ల హెడ్‌లైటు బల్బును దాని ద్వారా వెలిగించి చూడాలి. నాలుగున్నర ఆంపియర్ల కరెంటు పారేటప్పుడు స్విచ్ దగ్గర అర వోల్టుకు మించి వోల్టేజి పడిపోతే ఆ స్విచ్‌ను పక్కన పడేస్తాను. ‘ఆన్’ స్థానంలో టక్కుమని గట్టిగా నిలబడుతోందో లేదో చేత్తో చూడాలి. జనరల్ మోటార్స్ 2014లో అమెరికా తదితర చోట్ల సుమారు 26 లక్షల కార్లను వెనక్కి పిలవవలసి వచ్చింది ఈ పట్టు బలహీనంగా ఉన్నందువల్లే: నడుస్తుండగానే తాళం జారి, ఇంజను ఆగి, ఎయిర్‌బ్యాగులు పనిచేయలేదు. ఆ సంస్థ అంతకుముందే స్విచ్‌ను బాగుచేసినా విడిభాగం నంబరును మార్చలేదు. దానితో పాత స్విచ్‌లు మరమ్మతుల ద్వారా కొత్త కార్లలోకి కూడా చేరి ఉంటాయన్న భయంతో 2008 నుంచి 2011 వరకు వచ్చిన మోడళ్లనూ పిలవవలసి వచ్చింది. కాబట్టి సంచి మీద నంబరుతో పాటు కారు సంవత్సరం కూడా రాయండి.

సమయం అయిపోతోంది కనుక మిగిలినది త్వరగా చెబుతాను. కారు కాగితాలు లేకుండా ఇగ్నిషన్ సెట్ కొనవద్దు. దొంగ సొత్తని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ వర్తిస్తుంది. 2021 నిబంధనల కింద నమోదైన స్క్రాపింగ్ కేంద్రం నుంచి వచ్చిన సరుకైతే ఆ రుజువును బిల్లుకు జతచేయండి. తాళంచెవికి ఉన్న చీటీలో పాత యజమాని పేరు, చిరునామా ఉంటే తీసేయండి. ఇక సెట్ లేకుండా ఒంటరిగా మిగిలిన చిప్ తాళంచెవుల సంగతంటారా, వాటికి గాట్లు అప్పటికే కోసి ఉంటాయి, చాలా చిప్‌లు ఒకసారి ఒక కారుకు కట్టుబడ్డాక మరో కారుకు పనికిరావు. ఎంత చవకగా ఇచ్చినా నేనైతే కొనను.