మెదడులో కొత్త మొలకలు

శ్రోతలకు నమస్కారం.

"ఈ వయసులో ఇంకేం నేర్చుకుంటాంలే!" అని మనలో చాలామంది అంటుంటాం. చాలాకాలం సైన్సు కూడా ఈ మాటకే వంత పాడింది. మెదడులో నాడీకణాలు పోతే పోవడమే, పెద్దయ్యాక కొత్తవి పుట్టవని పాఠాల్లో చెప్పేవారు. 1962లో జోసెఫ్ ఆల్ట్‌మన్ అనే శాస్త్రవేత్త ఎదిగిన ఎలుకల మెదడులో కొత్త కణాలు చూశానని రాస్తే పట్టించుకున్నవాళ్లు తక్కువే.

మరి మనిషి సంగతి? బతికున్న మనిషి మెదడు కోసి చూడలేం కదా. స్వీడన్‌లో కొందరు క్యాన్సర్ రోగులకు, కణితి ఎంత వేగంగా పెరుగుతోందో తెలుసుకోవడానికి ఒక పదార్థం ఎక్కించారు. కణం రెండుగా చీలే ముందు, కొత్త డీఎన్ఏలో అది చేరి గుర్తులా ఉండిపోతుంది. వాళ్లలో అయిదుగురు చనిపోయాక, పీటర్ ఎరిక్సన్, ఫ్రెడ్ గేజ్ బృందం వాళ్ల మెదళ్లను మైక్రోస్కోప్ కింద చూసింది. కొత్త జ్ఞాపకాలకు ఆయువుపట్టయిన హిప్పోక్యాంపస్‌లో, నాడీకణాల్లోనే ఆ గుర్తు కనబడింది! అంటే అవి ఆ పదార్థం ఎక్కించాక పుట్టినవే. ప్రాణం తీసే జబ్బుతో పోరాడుతున్న రోజుల్లోనూ ఆ మెదళ్లు మొలకెత్తుతూనే ఉన్నాయి. 1998లో అచ్చయిన ఈ ఫలితం ఎప్పుడు తలచుకున్నా, ఆ అయిదుగురికి చేతులెత్తి నమస్కరించాలనిపిస్తుంది నాకు.

వాదన అక్కడితో ఆగలేదు. పెద్దవాళ్లలో కొత్త కణాల జాడే లేదని 2018లో ఒక బృందం చెప్పింది. 2025లో స్వీడన్ శాస్త్రవేత్తలు 78 ఏళ్ల వయసు దాకా, ఇలాంటి కణాలకు జన్మనిచ్చే మూలకణాలు ఉన్నాయని చూపించారు. అయితే కొందరిలో బోలెడు, కొందరిలో దాదాపు లేవు.

పుట్టడం ఒక ఎత్తు, నిలబడడం మరో ఎత్తు. ఎలుకల్లో ఈ పసికణాలు చాలావరకు కొన్ని వారాల్లోనే రాలిపోతాయి. ఆ సమయంలో ఎలుక కష్టపడి కొత్త పని నేర్చుకుంటే ఎక్కువ కణాలు బతుకుతాయి. చక్రం మీద పరుగెత్తే ఎలుకల్లో కొత్త కణాలు ఎక్కువ పుడతాయి. విడవని టెన్షన్ ఉంటే తగ్గిపోతాయి.

మనుషుల్లో ఒక పరీక్ష గురించి చెబుతాను. 2011లో ఫలితాలు వచ్చాయి. 120 మందిలో సగం మంది ఏడాదిపాటు వారానికి 3 రోజులు, 40 నిమిషాల చొప్పున నడిచారు. మిగతా సగం మంది ఒళ్లు సాగదీసే తేలికపాటి వ్యాయామాలే చేశారు. నడిచినవాళ్ల హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగింది, రెండోవాళ్లది తగ్గింది. స్కాన్‌లో పరిమాణం పెరిగినంత మాత్రాన కొత్త కణాలు పుట్టాయని రుజువు కాదు, ఆ మాట దాచకూడదు. కానీ నడిచినవాళ్లంతా 55 దాటినవాళ్లే. అంతకుముందు వ్యాయామం అలవాటు లేనివాళ్లే.