ఐదు రోజుల ముందు కబురు ఎవరి కోసం?

(దివిసీమ ఉప్పెన సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, పనులు మానుకుని వచ్చిన రైతులకు, మత్స్యకారులకు నమస్కారం. శాలువాలకే అరగంట పట్టింది కనుక నేరుగా విషయానికి వస్తాను.

1977 నవంబరు 19న ఈ సీమలో పదివేల మందికి పైగా పోయారు. 1999లో ఒడిశాలోనూ దాదాపు అంతే. అదే ఒడిశా 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటే లోపు పది లక్షల మందిని తరలించింది, మృతులు పదుల్లోనే. ప్రాణాలు కాపాడటం నేర్చుకున్నాం. సంతోషం. మరి పంట మాట?

వాతావరణాన్ని మూడు నుంచి పది రోజుల ముందు చెప్పేది మధ్యకాలిక అంచనా. దీనికోసమే 1988లో జాతీయ కేంద్రాన్ని పెట్టారు, ఇప్పుడది నోయిడాలో ఉంది. ఈరోజు గాలి, తేమ కొలతల్లో వెంట్రుకవాసి తేడా ఉన్నా ఐదో రోజుకు తుపాను దారే మారిపోవచ్చు. అందుకే ఆ మొదటి కొలతలను కాస్త కాస్త మారుస్తూ లెక్కను పదులసార్లు కడతారు. యూరప్ వాతావరణ కేంద్రం 51 సార్లు కడుతుంది. అందులో ఇరవై మచిలీపట్నం వైపు, మిగతావి ఉత్తరానికి చూపాయనుకోండి. అంటే ఇటు రావడానికి ఐదింట సుమారు రెండు వంతుల అవకాశం. అదే మనకందే కబురు.

ఈ మాట చెబితే ఒక అధికారి నాతో ఏమన్నారో తెలుసా? "వస్తుందా, రాదా? ఒక్క ముక్కలో చెప్పండి!" ఒక్క ముక్కలో చెప్పేసరికి తుపాను గుమ్మంలో ఉంటుందండీ! అప్పటికి కూలీలు దొరకరు, టార్పాలిన్లు దొరకవు. వేటకెళ్లిన పడవ తిరిగి రావడానికే రోజులు పడుతుంది.

కోత మొదలుపెట్టినవాళ్లు చేతులెత్తండి. చూశారా అధ్యక్షా, సగం సభ! ఈ పనలన్నీ చేలోనే ఉన్నాయి. నాలుగు రోజులుంటే కుప్ప వేసుకుంటారు, కోయనివాళ్లు కోత ఆపుకుంటారు. లేకపోతే నీళ్లలో నానిన పన మీదే గింజ మొలకెత్తుతుంది, మిల్లు దగ్గర తేమ పేరు చెప్పి ధర కోస్తారు. గంట మోగుతోంది, వినబడింది. ఇంకొక్క మాట.

మూడింట ఒక వంతు అవకాశం ఉందన్న రోజే టార్పాలిన్లు పంచాయతీలకు చేరాలి. తుపాను రాకపోతే అవేమీ చెడిపోవు, వచ్చే ఏడు పనికొస్తాయి. తీర్మానం రాసి తెచ్చాను. కార్యదర్శి గారూ, జనం భోజనాలకు లేవక ముందే సంతకాలు చేయించండి.