జాకీ ఎక్కడ పెడుతున్నారో చూశారా?

శ్రోతలకు నమస్కారం.

ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లను చార్జింగ్ గురించి అడిగి చూడండి, గంటసేపు చెబుతారు. ఒక్క చార్జికి ఎన్ని కిలోమీటర్లు వస్తుంది, ఇంట్లో మీటరు ఎంత తిరుగుతుంది, హైవేలో ఏ హోటల్ దగ్గర చార్జర్ పనిచేస్తుంది, అన్నీ నోటికి వచ్చు. అదే బండికి జాకీ ఎక్కడ పెట్టాలంటే మాత్రం తడుముకుంటారు. పంక్చర్ పడినప్పుడు చూసుకోవచ్చులే అనుకుంటాం. పంక్చర్ ఏమో షోరూం గుమ్మంలో పడదు కదా! ఏ సూర్యాపేట దాటాకో, ఏ రావులపాలెం దగ్గరో పడుతుంది. అక్కడ మనకు దొరికేది ఒక రేకుల షెడ్డు, ఒక కంప్రెసర్, ఒక నీళ్ల తొట్టి, పనిలో చెయ్యి తిరిగిన ఒక మనిషి. టైరు సంగతి ఆయనకు మనకన్నా బాగా తెలుసు. మన బండి అడుగున ఏముందో తెలియకపోవచ్చు, అంతే.

అడుగున ఉన్నది బ్యాటరీ. చాలా మోడళ్లలో ముందు చక్రాల వెనక నుంచి వెనక చక్రాల దాకా, మనం కాళ్లు పెట్టుకునే చోటు కిందే, వెడల్పుగా పరుచుకుని ఉంటుంది. బండి మొత్తంలో అన్నింటికన్నా ఖరీదైన వస్తువు అదే. పెట్రోలు బండికి అలవాటుపడిన చెయ్యి ట్రాలీ జాకీని లోపలికి తోసి, గట్టిగా ఏది తగిలితే దాని మీద ఎత్తేస్తుంది. ఏళ్ల తరబడి అలాగే పని జరిగింది కాబట్టి అందులో ఆయన తప్పేమీ లేదు. కానీ ఈ బండిలో అలా తోస్తే తగిలే చదునైన భాగం బ్యాటరీ పెట్టె. ఒక మూల బరువంతా అరచేతంత జాకీ తల మీద పడితే ఆ పెట్టె సొట్టపోవచ్చు. లోపల సెల్స్ ఉంటాయి, చాలా బండ్లలో వాటిని చల్లబరిచే నీళ్ల గొట్టాలు కూడా ఉంటాయి. బ్యాటరీకి 8 ఏళ్ల వారంటీ ఉందని ధైర్యంగా ఉంటాం గానీ, బయటి నుంచి తగిలిన దెబ్బకు మామూలుగా ఆ వారంటీ వర్తించదు.

మరి జాకీ ఎక్కడ పెట్టాలి? ఒకసారి తీరిగ్గా, పగటిపూట, బండి పక్కన కూర్చుని తలుపుల కింది అంచు తడిమి చూడండి. ముందు చక్రానికి కాస్త వెనకగా ఒకటి, వెనక చక్రానికి కాస్త ముందుగా ఒకటి, గుర్తులు ఉంటాయి. కొన్ని బండ్లలో ఆ రేకు అంచులో చిన్న గాట్లు, కొన్నింటిలో బాణం గుర్తు, టెస్లా లాంటి వాటిలో గుండ్రటి రంధ్రం. మాన్యువల్‌లో బొమ్మ కూడా ఉంటుంది. ఆ పేజీ ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి. ఇంకా మంచిది, ఆ నాలుగు చోట్లా తెల్ల పెయింటు చుక్క పెట్టండి. అందం చెడుతుందని మా ఇంట్లో గొడవ పెట్టారు. కిందికి వంగి చూస్తే తప్ప కనపడని చుక్కకి అందమేమిటండీ! జాకీ తలకీ రేకుకీ మధ్య మందపాటి రబ్బరు ముక్క ఉండాలి. పంక్చర్ షాపులో పాత టైర్లకు కరువా, ఒక ముక్క కోసి ఇవ్వమంటే ఇస్తారు.

షాపు ముందు బండి ఆపగానే, "అన్నా, ఇది కరెంటు బండి. బ్యాటరీ కిందనే ఉంది. జాకీ నేను చూపించిన చోటే పెట్టు" అని చెప్పండి. "తెలుసు సార్, ఇట్లాంటివి రోజూ వస్తాయి" అంటారు. నిజమే కావచ్చు. అయినా వంగి చూడండి. టీ తాగొస్తానని అవతలికి వెళ్లడం మాత్రం ఆ ఐదు నిమిషాలు వాయిదా వేసుకోండి.

షాక్ కొడుతుందేమోనని కొందరు మెకానిక్‌లు అసలు ముట్టుకోవడానికే జంకుతారు. చక్రం విప్పి బిగిస్తే షాక్ కొట్టదు. అడుగున నారింజ రంగు తీగలు కనిపిస్తే అవి ఎక్కువ వోల్టేజి తీగలు. వాటి జోలికి పోకూడదు, అంతే. నన్నడిగితే షాక్ కన్నా భయపడాల్సింది నిశ్శబ్దానికి. పెట్రోలు బండి ఆన్‌లో ఉంటే చెవికి తెలుస్తుంది. ఇది ఆన్‌లో ఉన్నా చప్పుడుండదు. లోపల ఎవరైనా తెలియక గేర్ నాబ్ తిప్పి, కాలు పెడల్ మీద వేస్తే చాలు. అందుకే పిల్లలతో సహా అందరినీ దింపండి. పవర్ పూర్తిగా ఆపండి. పార్కింగ్ బ్రేక్ వేయండి. తాళం జేబులో వేసుకుని పక్కకు వచ్చేయండి. జాకీ ఎత్తే చక్రానికి ఎదురుమూల చక్రం కింద ఇటుకో రాయో పెట్టించండి.

స్టెప్నీ లేదేమిటని చాలామంది కొన్నాక కంగారు పడతారు. 2020లో కేంద్రం నిబంధన మార్చింది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, రిపేర్ కిట్ ఉంటే స్టెప్నీ ఇవ్వక్కర్లేదంది. దాంతో కొన్ని మోడళ్లలో టైరు రంధ్రాన్ని లోపలి నుంచి మూసే ఒక సీసా మందు, ఒక చిన్న పంపు ఇచ్చి సరిపెట్టారు. మేకు కనపడగానే పీకేయకండి. అది ఉంటేనే గాలి నెమ్మదిగా పోతుంది. దగ్గర్లో షాపు ఉంటే గాలి కొట్టుకుంటూ అక్కడికి చేరడం మేలు. మందు ఆఖరి మార్గం. వాడితే ఆ సంగతి షాపులో చెప్పండి. లోపల శుభ్రం చేయాలి, వాల్వు దగ్గర సెన్సర్ ఉంటే దాన్ని విరగ్గొట్టకుండా టైరు విప్పాలి. ఇక టైరు పక్కగోడ చీలితే మందూ పనిచేయదు, రంధ్రంలో రబ్బరు పుల్ల పెట్టినా నిలవదు. టైరు మార్చడమే.

మార్చేటప్పుడు సైజు ఒక్కటే చూడొద్దు. 215/60 ఆర్ 16 తర్వాత 99 అని ఉందనుకోండి, ఆ టైరు 775 కిలోలు మోయగలదని అర్థం. 95 అయితే 690 కిలోలే. సైజు అదే, ధర తక్కువని అంటగడతారు. బ్యాటరీ వల్ల మన బండి బరువెక్కువ కాబట్టి, కంపెనీ ఇచ్చిన టైరు మీద ఉన్న అంకె కన్నా తక్కువది తీసుకోకండి. గాలి కూడా అంతే. "అన్ని కార్లకూ 30 కొడతాం సార్" అంటే ఒప్పుకోవద్దు. డ్రైవర్ తలుపు తెరిస్తే స్టిక్కర్ మీద ఎంతో రాసి ఉంటుంది. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. మధ్యాహ్నం ఎండలో హైవే మీద నడిచొచ్చిన టైరు ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే రాత్రికి తక్కువైపోతుంది, రేంజీ, అంటే ఒక్క చార్జికి వచ్చే దూరం కూడా పడిపోతుంది.

నట్లు మొదట చేత్తో తిప్పి, చివర బిగింపు కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో బిగించమనండి. గన్ ఒక్కదానితోనే టకటకా బిగిస్తే మరోసారి విప్పడానికి చుక్కలు కనపడతాయి. ఓ యాభై, వంద కిలోమీటర్లు నడిచాక నట్ల బిగింపు మళ్లీ ఒకసారి చూపించుకోండి.

జాతీయ రహదారి మీద రాత్రివేళ పంక్చర్ పడితే, లారీలు పోతున్న పక్కనే కూర్చుని చక్రం విప్పే సాహసం చేయకండి. హజార్డ్ లైట్లు వేసి, అందరూ రెయిలింగ్ అవతలికి వెళ్లి, జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కి ఫోన్ చేయండి. బండిని తీసుకెళ్లాల్సి వస్తే, ఇది ఎలక్ట్రిక్ కారు, నాలుగు చక్రాలూ పైకెక్కించుకుని తీసుకెళ్లే లారీయే పంపండని ముందే చెప్పండి. మోటారుకు కలిసి ఉన్న చక్రాలు రోడ్డు మీద తిరుగుతుంటే మోటారులో కరెంటు పుడుతుంది, అది లోపలి ఎలక్ట్రానిక్స్‌ను దెబ్బతీయవచ్చు. వచ్చినవాళ్లు తాడు కట్టి లాగేస్తామంటే వద్దనండి. ఆలస్యమైనా ఆ లారీ కోసమే ఆగండి.